అల్లుడూ, బయానా ఇచ్చే ముందు ఒక్క మాట

అల్లుడూ,

ఫార్చ్యూనర్ ఒకటి బేరానికొచ్చిందని, ఆదివారం చూడ్డానికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కష్టపడి సంపాదించుకున్నావు, పెద్ద బండి ఎక్కాలనుకోవడంలో తప్పేం లేదు. వద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. లక్షల్లో వ్యవహారం, పైగా అందులో తిరిగేది నువ్వూ పిల్లలూ. అందుకే చెప్పాలనిపించింది.

డీజిలా, పెట్రోలా అన్నది బండి అందం చూసి తేల్చకు. నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావు, ఏ దారిలో తిరుగుతావు, ఈ రెండే చూడు. నీ పనులన్నీ అనంతగిరి, అరకు వైపు. కొత్తవలసలో బయల్దేరి ఎల్.కోట, ఎస్.కోట మీదుగా కాశీపట్నం దాటితే ఇక కొండెక్కడమే. మన స్టేషన్లో మొదలైన కిరండూల్ రైలు లైను ఎక్కేదీ ఆ కొండలే. మనుషుల్ని, సామాన్లని వేసుకుని ఆ మలుపుల్లో ఎక్కేటప్పుడు డీజిల్ ఇంజన్ రొద పెట్టకుండా లాగుతుంది. కాబట్టి నీకు డీజిలే సరైంది.

మీ తమ్ముడు కూడా డీజిలే కావాలంటున్నాడట. వాడికి మాత్రం వద్దని గట్టిగా చెప్పు. ఇంటి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి ఇంటికి, ఎప్పుడైనా పెందుర్తి దాకా. అంతే వాడి తిరుగుడు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 బళ్లే అమ్ముతున్నారు. ఆ డీజిల్ బళ్లలో పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అని ఒక ఫిల్టరు ఉంటుంది. ఇంజన్ వదిలే మసినంతా అది పట్టుకుంటుంది. బండి పెద్ద రోడ్డు మీద పావుగంటో ఇరవై నిమిషాలో ఒకే వేగంతో పరిగెడితే ఆ వేడికి మసి కాలిపోయి ఫిల్టరు శుభ్రపడుతుంది. బజారు దాకా వెళ్లి ఆపేస్తే మసి కాలదు, పేరుకుపోతుంది. కాల్చడానికని వదిలిన డీజిల్ ఇంజనాయిల్లోకి దిగి ఆయిల్ పల్చబడుతుంది. ఆ తర్వాత మీటర్లో దీపం, షెడ్డులో బిల్లు. ఆ ఫిల్టరు పీకేస్తామనే మెకానిక్కులుంటారు, వాళ్ల మాట వినొద్దు. అది చట్టానికి విరుద్ధం, ఊళ్లోవాళ్ల ఊపిరితిత్తులకి చేటు.

డబ్బు లెక్క కూడా వాడికి చూపించు. ఒకే బండిలో డీజిల్ రకానికి లక్షన్నర ఎక్కువ పెట్టాడనుకో. పెట్రోల్‌ది లీటరుకి 10 కిలోమీటర్లు, డీజిల్‌ది 14 ఇస్తుందనుకో. మన దగ్గర రెండింటి ధరలూ కలిపి చూస్తే కిలోమీటరుకి మిగిలేది నాలుగు రూపాయల దగ్గర. లక్షన్నర తిరిగి రావాలంటే 37,500 కిలోమీటర్లు తిరగాలి. నెలకి 1,500 తిరిగే నీకు రెండేళ్ల మీద ఒక నెల చాలు. 500 తిరిగే వాడికి ఆరేళ్లు దాటుతుంది. అప్పుమీద కొంటే వడ్డీ వేరే.

కొన్ని డీజిల్ బళ్లకి ఆడ్‌బ్లూ అని ఇంకో ట్యాంకు ఉంటుంది. అది నూటికి 32.5 పాళ్లు యూరియా కలిపిన శుద్ధమైన ద్రావణం. అయిపోవచ్చిందని బండి ముందే హెచ్చరిస్తుంది. పట్టించుకోకపోతే ఒకసారి ఆపాక మళ్లీ స్టార్టవదు. పొలానికి వేసే యూరియా నీళ్లలో కలిపి పొయ్యొచ్చని ఎవరైనా చెబితే నమ్మకు, సైలెన్సరులో ఉండే ఖరీదైన సామాను పాడైపోతుంది.

ఇక కొత్తదా, పాతదా? 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్ద బళ్ల మీద పన్ను 40 శాతమే. అంతకుముందు జీఎస్‌టీ, సెస్సు కలిపి 50 దాకా ఉండేది. అంటే కొత్త బళ్ల ధర దిగింది. పాతది అమ్మేవాడు తను అప్పట్లో కొన్న ధర చెప్పి బేరం మొదలుపెడితే, ఇవాళ్టి షోరూం ధర ముందుపెట్టి మాట్లాడు. ఫార్చ్యూనర్ పాతబడినా ధర పెద్దగా తగ్గదు, అమ్ముకునేవాడికి అది లాభం, కొనుక్కునేవాడికి కాదు. పైగా ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టిన బండి. బలంగా ఉంటుంది గానీ ఘాటీ మలుపుల్లో ఊగుతుంది, వెనక సీట్లో పిల్లలకి వాంతులవుతాయి. సఫారీ, ఎక్స్‌యూవీ 700 అలా కాదు, కారులా బాడీ అంతా ఒకటిగా కట్టినవి. మీ ఆవిడని, పిల్లల్ని ఎక్కించుకుని కొండ దాకా ఒకసారి నడిపి చూశాకే మాట్లాడు. ఫోర్డ్ ఎండీవర్ చవగ్గా దొరుకుతుంది, బండీ మంచిదే. కానీ ఆ కంపెనీ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. రేపు ఒక సామాను కోసం నెలల తరబడి ఎదురుచూసే ఓపిక నీకు లేదని నాకు తెలుసు.

నన్నడిగితే, మూడు నాలుగేళ్ల వయసున్న బీఎస్6 సఫారీయో ఎక్స్‌యూవీయో, మన రాష్ట్రం నంబరుది, ఒకే చెయ్యి నడిపినది తీసుకో. మిగిలిన డబ్బు ఇంటి అప్పుకి కట్టు.

ఢిల్లీ నంబరు బండి సగం ధరకే వస్తోందంటే ఆశపడకు. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగరాదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంటే, 2018లో సుప్రీంకోర్టూ సరేనంది. తర్వాత కొంత సడలింపు వచ్చినా, అప్పటినుంచీ అక్కడి పాత బళ్లు మిగతా రాష్ట్రాలకి చేరుతూనే ఉన్నాయి. అక్కడి ఆర్‌టీవో నుంచి ఎన్‌వోసీ తేవాలి, ఏడాది దాటి ఇక్కడే తిప్పాలంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, లైఫ్ టాక్సు కట్టాలి. ఇవన్నీ కలిపాక అది ఎంత చవకో లెక్కవేసుకో.

మనవైపు బండైనా నీళ్లలో మునిగిందేమో చూడు. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో టీవీలో చూశావు కదా. సీటు బెల్టు చివరిదాకా లాగు, లోపలి భాగంలో బురద చార కనిపిస్తే ఇక చూడక్కర్లేదు. సీట్ల కింద పట్టాల తుప్పు, స్టెప్నీ గుంటలో ఇసుక, తలుపు తియ్యగానే ముక్కిపోయిన వాసన, ఇవన్నీ చూడు. పొద్దున్నే వెళ్లు, ముందే స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తేనే దాని ఆరోగ్యం తెలుస్తుంది. మీటరు తిప్పారేమో కంపెనీ సర్వీసు రికార్డులో బయటపడుతుంది.

పేరు మార్చుకోవడంలో మాత్రం బద్ధకించకు. రికార్డులో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత వాళ్లదేనని 2018లోనే సుప్రీంకోర్టు తేల్చింది. నీ పాత బండి అమ్మినప్పుడు కొన్నవాడు పేరు మార్చుకున్నాడా? ఈ వారమే కనుక్కో. కొనే బండికి 29, 30 నంబరు ఫారాలు, బ్యాంకు అప్పు తీరితే 35 తీసుకో. ఇన్సూరెన్సు 14 రోజుల్లో నీ పేరుకి మార్పించు. లేకపోతే నీ బండికి దెబ్బ తగిలినా క్లెయిము రాదు.

ఆదివారం బండి చూడు, నడుపు, నచ్చితే నచ్చిందని చెప్పు. అడ్వాన్సు మాత్రం అక్కడికక్కడే ఇవ్వకు. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, సర్వీసు కాగితాలు ఫోటో తీసి నాకు పంపు. చూసి సోమవారం పొద్దున్న ఫోన్ చేస్తాను.

మీ మావయ్య