తిథి ఉన్న అతిథులు

లండన్ బ్రిక్ లేన్‌లో ఒక ఇటుకల కట్టడం ఉంది. ఫ్రాన్స్ విడిచి వచ్చిన హ్యూగెనో ప్రొటెస్టెంట్లకు అది 1743లో ప్రార్థనా మందిరం. తర్వాత మెథడిస్టుల చేతికొచ్చింది. 1898లో యూదుల సినగాగ్ అయింది. 1976 నుంచి బంగ్లాదేశీయుల మసీదు. గోడ మీది 1743 నాటి ఎండ గడియారం మాత్రం అక్కడే ఉంది.

వలసల గురించి మాట్లాడేవాళ్లకు ఈ కథంటే మక్కువ. అద్దె ఇంట్లో ఒకరు ఖాళీ చేస్తే మరొకరు దిగినట్టు! కానీ ఈనాటి లండన్ ఇలా వరసలో నిలబడదన్నాడు మానవశాస్త్రవేత్త స్టీవెన్ వెర్టోవెక్. 2007 నాటి వ్యాసంలో ఆయన వాడిన ‘సూపర్ డైవర్సిటీ’ అన్న మాట పండితుల నోట నిలిచిపోయింది. ఎన్ని దేశాలవాళ్లు వచ్చారన్నది ఒక్కటే కాదు ఆయన లెక్క. సోమాలీలనే తీసుకుంటే, వాళ్లలో పౌరసత్వం ఉన్నవాళ్లు, శరణార్థులు, ఆశ్రయం కోసం అర్జీ పెట్టుకున్నవాళ్లు, కాగితాలే లేనివాళ్లు ఉన్నారు. అందరినీ ఒకే గడిలో వేస్తే తెలిసేదేముంది?

లండన్‌లోనే ఈస్ట్ హామ్ మహాలక్ష్మి గుడిలో పక్కపక్కన నిలబడి పులిహోర తినే ఇద్దరు తెలుగువాళ్లను ఊహించుకోండి. ఒకరిది బ్రిటిష్ పాస్‌పోర్టు. ఇంకొకరిది స్టూడెంట్ వీసా. డిగ్రీ చదువుతుంటే, తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. జనాభా లెక్కల్లో ఇద్దరూ ‘ఇండియన్’లే. గుడిలో అర్చకుడు గోత్రం అడుగుతాడు. బయట ఇల్లు అద్దెకిచ్చేవాడు వీసా చూపించమంటాడు, చట్టం అలా ఉంది మరి.

తిథితో పని లేకుండా వచ్చేవాడు అతిథి అని మనవాళ్లు వ్యుత్పత్తి చెబుతారు. ఆ స్టూడెంట్ వీసా కుర్రాడికేమో వచ్చే తేదీ, వెళ్లే తేదీ రెండూ రాసిపెట్టే ఉన్నాయి. పరదేశానికి వెళ్లినవాణ్ని శత్రువుగా చూడకూడదని 1795లో తత్త్వవేత్త కాంట్ వాదించాడు గానీ, అక్కడే ఉండిపోయే హక్కు మాత్రం ఇవ్వలేదు. 1908లో సమాజశాస్త్రవేత్త జిమ్మెల్ దృష్టిలో పరాయివాడంటే వచ్చి ఉండిపోయేవాడే. మరి తేదీ రాసి ఉన్న మనిషికి నగరం ఏం బాకీ పడింది? వెర్టోవెక్ మాట తేడాలను బాగా లెక్కపెడుతుంది కానీ, ఈ బాకీ సంగతి తేల్చదు.

లండన్‌లోని హాక్నీ వాసులు తమ జవాబు తాము చెప్పుకున్నారు. అక్కడ తేడాలు మామూలైపోయాయని, బజారులో అందరూ కలిసినా ఇళ్లలో ఎవరి లోకం వారిదేనని పరిశోధకురాలు సుసానె వెస్సెండార్ఫ్ 2014 నాటి పుస్తకంలో రాసింది. హాక్నీ వాసుల కోపమంతా నలుగురిలో కలవనివాళ్ల మీదే: నిష్ఠాపరులైన యూదుల మీద, కొత్తగా దిగిన ఫ్యాషన్ కుర్రకారు, అంటే హిప్‌స్టర్ల మీద. మడి తెలిసిన తెలుగువాడికి ఆ యూదుల ఇబ్బంది కొంత అర్థమవుతుంది. హిప్‌స్టర్లది ఏ మడో!