సంతకం ఎక్కడ పెట్టాలి?

పర్చూరు

చిన్నా,

తెలుగు వికీపీడియాలో మన పర్చూరు పేజీకి నువ్వు చేర్చిన పేరా చదివాను. నల్లరేగడి నేల, పత్తి, మిర్చి, శనగ... ఊరి మీద నీకింత శ్రద్ధ ఉన్నందుకు గర్వపడ్డాను. అయితే పేరా చివర నీ పేరు రాసుకున్నావు, ఎవరో ఆ ఒక్క ముక్క తీసేశారు. దానికి నొచ్చుకుని చర్చ పేజీలో నాలుగు పరుషమైన మాటలు రాశావు, వాటి కింద మాత్రం సంతకం పెట్టలేదు. పేరు ఉండకూడని చోట పెట్టి, ఉండి తీరాల్సిన చోట వదిలేశావు నాన్నా.

వ్యాసంలో ఎందుకు ఉండకూడదో చెబుతాను. ఆ పేరాలో రేపొకరు సాగు లెక్క చేరుస్తారు, ఎల్లుండి ఇంకొకరు వాక్యం దిద్దుతారు. కొన్నాళ్లకు అందులో నీ మాటలేవో, ఇతరులవేవో విడదీయలేం. కింద నీ పేరే ఉంటే వాళ్ల శ్రమ నీ ఖాతాలో పడుతుంది, వాళ్ల తప్పు కూడా నీ మెడకే చుట్టుకుంటుంది. నీ కష్టం ఎక్కడికీ పోదు. ‘చరిత్ర’ తెరిచి చూడు, ఏ రోజు ఏ వేళకు ఏం మార్చావో నీ పేరుతో సహా ఉంటుంది. తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరులో శ్రీకారం చుట్టిన వెన్న నాగార్జున గారికైనా ఇదే నియమం.

చర్చ పేజీ, అందరూ కలిసి మాట్లాడుకునే రచ్చబండ పేజీ అలా కాదు. అక్కడ రాసేది నీ అభిప్రాయం. ప్రోనోటు మీద సంతకం చేసినవాడే బాకీకి జవాబుదారీ అయినట్టు, అక్కడి మాటకు నువ్వే జవాబుదారీవి. చివర నాలుగు టిల్డెలు (~~~~) కొట్టి భద్రపరిస్తే నీ వాడుకరి పేరు, తేదీ, సమయం వచ్చేస్తాయి. మూడే కొడితే పేరొస్తుంది, తేదీ రాదు. జవాబిచ్చే పరికరం వాడితే సంతకం దానంతటదే పడుతుంది.

తేదీ దేనికి అనుకోకు. పర్చూరువాళ్లకు ఇది అందరికన్నా బాగా తెలియాలి. మన ఊరు 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉంది. ఆ ఏడు ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లాం, 1972లో దానికే ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా అయ్యాం. ఇప్పుడు చర్చ పేజీలో ఎవరో “మన జిల్లా ప్రకాశం, సరిచేయండి” అని రాశారనుకో. 2021లో రాసి ఉంటే ఆ మనిషి చెప్పింది నిజం. నిరుడు రాసి ఉంటే పొరపాటు. మాట ఒక్కటే, తేదీ లేకపోతే ఏది నమ్మాలో చదివేవాడికి తెలియదు. పేరు లేకపోతే అడుగుదామన్నా మనిషి దొరకడు. ఎవరో ఓపిగ్గా చరిత్ర తవ్వి, ఇది ఫలానావారు రాసిందని కింద గుర్తు పెట్టాలి. మన బద్ధకానికి ఇంకొకరి పొద్దు ఎందుకు పోవాలి?

ఒకసారి సంతకం పడ్డాక, దానికి ఎవరైనా జవాబిచ్చాక, నీ మాటను చడీచప్పుడు లేకుండా మార్చకు. మారిస్తే అవతలివాళ్ల జవాబు అర్థం లేనిదైపోతుంది, అది వాళ్లకు అన్యాయం. మనసు మారితే పాత మాట మీద అడ్డగీత కొట్టు, కొత్తది కింద రాసి మళ్లీ సంతకం పెట్టు. ఇతరుల మాటల్లో అసలే వేలు పెట్టకు. ఇక సంతకానికి రంగులూ బొమ్మలూ అంటావా, నలుగురు మాట్లాడుకునే చోట నీ పేరొక్కటే మెరవాలన్న కోరిక నాకు నచ్చదు.

నీ పేరా తీసేయలేదు, పేరు మాత్రమే తీశారు. తీసినవారు శనగ సాగు గురించి నువ్వు రాసిన వాక్యానికి ఆధారం కూడా అడిగారు, అది నువ్వు గమనించినట్టు లేదు. వ్యవసాయ శాఖ లెక్కలు చూసి వాళ్ల ప్రశ్న కిందే జవాబు రాయి. దానికి ముందు ఆ పరుషమైన మాటలు నీవేనని ఒప్పుకుని, అడ్డగీత కొట్టి, సంతకం పెట్టు.

మీ నాన్ననీ అమ్మనీ అడిగానని చెప్పు.

మీ పెదనాన్న