ఇంద్రధనుస్సును బరులకుఁ జూపఁదగునా?

మనుధర్మశాస్త్రము నాలవ యధ్యాయమున స్నాతకునకు విధింపఁబడిన నియమములలో నొకటి చదువరులలోఁ బెక్కండ్రకుఁ గ్రొత్తగాఁ దోఁపవచ్చును. ఆకాశమున నింద్రధనుస్సును గన్న ప్రాజ్ఞుఁడు దానిని మఱియొకనికిఁ జూపరాదఁట. ఆంధ్రదేశమునఁ బెక్కు కుటుంబములకు సూత్రకారుఁడైన యాపస్తంబుఁడును, ఇతరునితోఁ జెప్పునప్పుడు దాని నింద్రధనుస్సను పేరఁ బిలువఁగూడదని శాసించెను. గౌతముఁడు మణిధనుస్సనుమని వేఱు పేరు చెప్పి యూరకుండెను. చూచుట పాపము కాదు. చూచి సంతోషించుటయుఁ బాపము కాదు. ప్రక్కనున్నవానిని బిలిచి "అదిగో, చూడు" మనుటయే దోషము! ఇంత చిన్న నిషేధమును గూర్చి యొక వ్యాసము వ్రాయవలయునా యని యడుగువా రుందురు. నిషేధము చిన్నదే కాని, తాను గన్న వెలుఁగును బరునకుఁ జూపవచ్చునా, చూపుట యసలు సాధ్యమా యను ప్రశ్న చిన్నది కాదు.

ఈ నిషేధము మన స్మృతికర్తలు మాత్రమే కనిపెట్టినది కాదు. 2021వ సంవత్సరమున రాబర్టు బ్లస్టను భాషాశాస్త్రవేత్త ప్రకటించిన పరిశోధనవలన, లోకమున 100కు మించిన భాషలవారిలో నిట్టి నమ్మకమే కలదని తెలియుచున్నది. ఇంద్రధనుస్సును వ్రేలితోఁ జూపినవాని వ్రేలు వంగిపోవునని యొకచోట, కుళ్ళిపోవునని మఱియొకచోట చెప్పుకొందురు. వేదమును విననివారును సంస్కృత మెఱుఁగనివారును నీ మాటనే చెప్పుకొనుచుండఁగా, ఇది ఋషులకు మాత్రము వెల్లడియైన రహస్య మనుట యెట్లు? తానెఱుఁగని గొప్ప వస్తువు నెదుట నిలిచిన మనుష్యుఁడు వణఁకును. ఆ వణఁకును శాస్త్రముగా వ్రాసికొనును. అంతకంటె నిందు విశేషము లేదు.

ఆఱవ శతాబ్దమువాఁడైన వరాహమిహిరుని విషయమై మాకుఁ గలిగెడి విచార మింతకంటె నెక్కువ. బృహత్సంహితలో నాతఁ డింద్రధనుస్సును వర్ణించుచు, నానావర్ణములు గల సూర్యకిరణములు మబ్బు గల యాకసమున గాలిచేఁ జెదరి వింటి యాకారమునఁ గానవచ్చుచున్నవని మొదటనే చెప్పెను. పాము లూర్చిన యూపిరి యని కొందఱాచార్యు లందురని వారి మతమును వేఱుగాఁ బేర్కొనెను. గాలి మాట తప్పైనను, రంగులు సూర్యకిరణములవే యన్న మాట యెంత గొప్పది! దారము కొన చేత నుండఁగానే దానిని విడిచి, దండు వెడలెడు రాజునకు విల్లు ఏ దిక్కునఁ గనఁబడిన నేమి ఫలమో చెప్పుటకుఁ బూనెను. కారణమును వెదకెడి బుద్ధి ఫలమును వెదకెడి యాశకు లోఁబడిన చోటు మన జ్యోతిషచరిత్రములో నింత స్పష్టముగా మఱియొకటి కానరాదు.

పెద్దలు మింటిని జూచి చెప్పిన మాటలన్నియు మూఢవిశ్వాసములే యని మే మనము. చంద్రుని చుట్టు వరదగుడి కట్టినప్పుడు వాన రాఁగల దనుట యట్టిది కాదు. చాల యెత్తునఁ బలుచగాఁ బఱచిన మబ్బులలోని మంచు పలుకులు వెన్నెలను వంచుటచేత నా గుడి 22 డిగ్రీల దూరమున నేర్పడును. అట్టి మబ్బులు పలుమాఱు వానకు ముందు వచ్చును. అది మన రైతుల పరిశీలనము, దానికి నమస్కరింపవలసినదే.

ఇంద్రధనుస్సు మర్మ మించుమించుగా నొకే కాలమున నిరువురకుఁ దెలిసెను. పదునాలవ శతాబ్దారంభమున జర్మనీదేశపు సన్న్యాసియైన థియొడొరిక్కును, పారసీక దేశపుఁ బండితుఁడైన కమాలుద్దీను ఫారిసీయు, ఒకరి నొక రెఱుఁగకయే, గాజుగోళమున నీరు నింపి, దానినే పెద్ద చినుకుగా భావించి, యెండలో నుంచి పరీక్షించిరి. ఒకఁడు క్రైస్తవ మఠమువాఁడు, ఒకఁడు మహమ్మదీయుఁడు. నీటిబుడ్డి యిరువురకు నొకే యుత్తరము చెప్పెను. కిరణము చినుకులోఁ బ్రవేశించునప్పుడు వంగును. వెనుకటి గోడను దాఁకి మరలును. వెలికి వచ్చునపుడు మరల వంగును. ఇట్లు మరలిన కిరణములు 42 డిగ్రీల చెంత దట్టముగాఁ గూడునని 1637లో డెకార్టు లెక్కించి చూపెను. ఒక్కొక్క రంగొక్కొక్క కొలఁది వంగునని తరువాత న్యూటను పట్టకముతో నిరూపించెను. కాఁబట్టి యెఱుపు సుమారు 42 డిగ్రీల వద్ద వెలుపలి యంచునను, ఊదా సుమారు 40 డిగ్రీల వద్ద లోపలి యంచునను నిలుచును. చినుకులో రెండుమాఱులు మరలిన కాంతి 51 డిగ్రీల చెంత రెండవ విల్లగును. దాని రంగులు తలక్రిందులు.

ఈ డిగ్రీలను దేనినుండి కొలువవలయును? చూచువాని తలనీడనుండి! సూర్యుఁడు వెనుక నుండఁగా, చూపఱి కన్నునుండి వాని తలనీడ మీఁదుగాఁ బోవు గీటే యా వింటికి నడిమి యిరుసు. తల కదలిన నిరుసు కదలును. ఇరుసుతో విల్లును గదలును. నా కంటి కెఱుపు పంపిన చినుకు నా ప్రక్కనున్న మిత్రుని కంటి కెఱుపు పంపదు. వానికి వేఱు చినుకులు. ఒకే మనుష్యుని రెండు కన్నులకును రెండు విండ్లు. చెఱువునీటఁ బ్రతిఫలించిన విల్లు మీఁదఁ గనఁబడుచున్న విల్లు కాదు. దాని మొదటికిఁ బోయి ముట్టవలెనని పరుగెత్తిన బాలుఁడు దాని నెన్నఁడును జేరలేఁడు, ఏలయనఁగా వాఁడు దానిని దనతోఁగూడఁ గొనిపోవుచున్నాఁడు.

ఇదియే మమ్ము నిలిపిన సంగతి. మనువు చూపరాదనెను, ప్రకృతిశాస్త్రము చూపలేవనుచున్నది. నేను గన్న వింటిని మఱియొకఁడు కానలేఁడు. అయినను వానిని సూర్యునికి వీపు పెట్టి నిలువుమని చెప్పఁగలను. తలనీడ యెక్కడఁ బడినదో చూచుకొమ్మని, అక్కడనుండి యింత యెత్తునకుఁ గన్నెత్తుమని చెప్పఁగలను. అప్పుడు వానికి వాని విల్లు వచ్చును. అది నాది కాదు, నేనిచ్చినది కాదు, నాకంటె వానికిఁ దక్కువ రంగులతోను రాదు.

గురువునకును బురోహితునకును భేద మిచటనే యున్నదని మా యభిప్రాయము. నిలువవలసిన చోటు చెప్పి తొలఁగువాఁడు గురువు. తన కంటి వింటినే యందఱు కొలువవలయుననువాఁడును, స్త్రీలకును అంత్యజులకును జూచు నధికారమే లేదనువాఁడును వేఱు తెగవారు. సూర్యుఁడు వీపున వెలుఁగుచుండఁగా నధికారమును విచారించు చినుకు లేదు కదా! ఈ యపాయము పరమతములలోనే కలదని మన సమాజమువారు గర్వింపఁబనిలేదు. 1868వ సంవత్సరమున ముంగేరులోఁ గొందఱు భక్తులు కేశవచంద్రసేనుని పాదములపైఁ బడఁగా, ఇది నరపూజ యని బ్రాహ్మసోదరులే యాక్షేపింపవలసి వచ్చెను. కేశవచంద్రులు గొప్పవారు కారని మే మనుటలేదు. ఆయన కనులఁ బడిన కాంతి యాయనకుఁ దగిన చోట నుండి వచ్చినది. ఆయన పాదముల యొద్ద వంగినవారికి నేల మాత్రమే కనఁబడును.

ఇఁకఁ గారణ మెఱిఁగినచో భక్తి చెడునను భయము. రామమోహనరాయలవా రుపనిషత్తులను దేశభాషలోనికిఁ దెచ్చినవారు. 1823లో నామ్హర్స్టు ప్రభువునకు వ్రాసి, క్రొత్త సంస్కృత పాఠశాలకు బదులుగా గణితమును, ప్రకృతిశాస్త్రమును, రసాయనమును, శారీరమును నేర్పింపుఁడని కోరినవారును వారే. ఆ రెండు పనులకును వారికి విరోధము తోఁపలేదు. బాల్యమున విశాఖపట్టణమునఁ జదివిన చంద్రశేఖర వేంకటరామను 1921లో నైరోపానుండి యోడలో మరలివచ్చుచు, సముద్రపు నీలిమ యాకసపు ప్రతిబింబమే యన్న పెద్దల మాటతోఁ దృప్తిపొందక, పట్టకముతో మీఁది ప్రతిఫలనమును దొలఁగించి చూచెను. నీలిమ యింకను మిగిలియే యుండెను. ఆ వెదకుటయే 1928లో నాతని పేరు గల ఫలితమునకుఁ దీసికొనిపోయెను. ఆశ్చర్యము తీఱినవాఁ డేడేండ్లు వెదకునా? తెలియనిచోట మాత్రమే యీశ్వరుని నిలుపువాఁడు తెలిసిన దినమున నీశ్వరునిఁ గోలుపోవును. ఆ దోషము శాస్త్రముది కాదు.

మఱి కొందఱు చదువుకొన్నవారు, చినుకులును గోణములును దప్ప నచట మఱేమియు లేదందురు. కాని కిరణములు స్వయముగా రంగు గలవి కావని, రంగు నెఱుకను గలిగించు శక్తి మాత్రమే వానికిఁ గలదని న్యూటనే వ్రాసియున్నాఁడు. చూచువాఁడు లేక విల్లు లేదు. ఇందువలన బ్రహ్మము ఋజువయ్యెనని మే మనము. అట్టి తొందరపాటు వాదములు మాకుఁ గిట్టవు. చూచువానిని లెక్కలోనుండి తీసివేసి "ఏమియు లేదు" అనుట లెక్క తప్పు, అంతియే.

కావున బిడ్డలకుఁ జూపుఁడు. సూర్యుఁడు 42 డిగ్రీలకంటెఁ బైనున్నంతవఱకు సమతలమున విల్లు కానరాదు కనుక మధ్యాహ్నమున వెదకి ప్రయోజనము లేదు. వానకాలమున సాయంకాలము పడమట మబ్బు విచ్చి యెండ కాసి, తూర్పున నింకను జల్లు కురియుచున్నప్పుడు తూర్పునకుఁ ద్రిప్పి నిలుపుఁడు. వాన లేని దినమున నుదయపుటెండకు వీపు పెట్టి, నోటినిండ నీరు పుక్కిలించి తుంపురులుగా నూఁదినను జాలును. పెద్ద విల్లు వచ్చినపుడు దాని పైని వెలిసిన రెండవదానిని, రెండింటి నడుమ నాకసము చీఁకటిగా నుండు పట్టీని గూడఁ జూపుఁడు. సుమారు 1800 ఏండ్ల క్రిందట గ్రీకు పండితుఁడైన యలెగ్జాండరు దానిని గుర్తించి వ్రాసెను. నేఁటికిని జాలమంది పెద్దలు దానిని జూడరు. బిడ్డలు చూతురు.