వైడ్ షాట్‌లో మనిషి

వైడ్ షాట్‌లో మనిషి చిన్నగా కనిపిస్తాడు. కొండ, ఆకాశం, రోడ్డు, ఇళ్లు తెరనంతా ఆక్రమించుకోగా మిగిలిన కాస్త చోటు అతనిది. ఈ లోకంలో మనిషి ఎంతటివాడు అన్న పాత ప్రశ్న అక్కడ మాటల్లేకుండానే ఎదురవుతుంది. జవాబు మాత్రం ఒకటే కాదు. మనిషి బతుకు ఇంతే అని తీసిపారేయడానికీ, ఇంత లోకంలో ఇతనూ ఉన్నాడని గుర్తు చేయడానికీ దర్శకులు అదే దూరాన్ని వాడుకున్నారు.

దీన్ని దైవచింతనకు దగ్గరగా తీసుకువెళ్లి ఆలోచించినవాడు ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బజాన్ (1918-1958). ఆయన కేథలిక్. లోకానికి దాని అర్థం దానికే ఉందనీ, దాన్ని ముక్కలుగా కోసి తమ అర్థం అంటించడం కన్నా ఉన్నదున్నట్టు నిలిపి చూపించడమే సినిమాకు గౌరవమనీ ఆయన ఆలోచన. ఎడిటింగ్ ప్రేక్షకుడి తల పట్టుకుని ‘ఇటు చూడు, ఇప్పుడటు చూడు’ అంటుంది. ముందున్నదీ వెనకున్నదీ ఒకే స్పష్టతతో కనిపించే విశాలమైన ఫ్రేమ్ అలా అనదు. ఏది ముఖ్యమో తేల్చుకునే పని చూసేవాడికే వదిలేస్తుంది. 1948లో అమెరికన్ దర్శకుడు విలియం వైలర్ గురించి రాసిన వ్యాసంలో బజాన్ ఆయన్ని ‘జాన్సెనిస్టు’ అన్నాడు. 17వ శతాబ్దపు ఫ్రాన్సులో ఆడంబరాన్ని దూరం పెట్టి కఠిన నియమంతో బతికిన కేథలిక్ శాఖ జాన్సెనిస్టులది. ఒక హాలీవుడ్ దర్శకుడికి ఆ పేరు పెట్టడం చిన్న సాహసం కాదు.

బజాన్ చూపిన ఉదాహరణ వైలర్ తీసిన ‘ది బెస్ట్ ఇయర్స్ ఆఫ్ అవర్ లైవ్స్’ (1946)లోది. యుద్ధంలో రెండు చేతులూ పోగొట్టుకుని వచ్చిన హోమర్ బార్‌లో పియానో ముందు కూర్చుని, చేతుల స్థానంలో ఉన్న ఇనుప కొక్కేలతో వాయిస్తున్నాడు. ఆ పాత్ర వేసిన హెరాల్డ్ రస్సెల్‌కు నిజంగానే చేతులు లేవు. అందరి కళ్లూ ఆ కొక్కేల మీదే. కానీ ఫ్రేమ్‌లో అదే సమయంలో, గదికి ఆ చివర, టెలిఫోన్ బూత్‌లో ఫ్రెడ్ నిలబడి ఉన్నాడు. తాను ప్రేమించిన పెగ్గీకి ఫోన్ చేసి, ఇక కలుసుకోవద్దని చెబుతున్నాడు. అతని మాటలు మనకు వినిపించవు, మొహం సరిగా తెలియదు. పియానో దగ్గర నిలబడ్డ ఆల్ ఆ అమ్మాయి తండ్రి. ఆమెను ఇక కలవొద్దని ఫ్రెడ్‌తో అన్నది అతనే. హోమర్ సంబరం ముందు అతని మనసు బూత్ వైపు లాగుతుంది. దగ్గర ఒకరి గెలుపు, దూరాన ఒకరి నష్టం. రెండూ ఒకే గదిలో. దగ్గరదాన్నీ దూరందాన్నీ ఒకే స్పష్టతతో చూపే ఛాయాగ్రాహకుడు గ్రెగ్ టోలండ్ డీప్ ఫోకస్ పనితనం లేకపోతే ఇది సాధ్యమయ్యేది కాదు.

దీనికి అభ్యంతరం ఉంది. బూత్‌ను అక్కడ పెట్టింది వైలరే, ఆల్ చూపును అటు తిప్పింది వైలరే. మరి ప్రేక్షకుడికి దక్కిన స్వేచ్ఛ ఎంత? పైగా క్లోజప్‌లతోనే ఆత్మను తాకిన సినిమాలున్నాయి. కార్ల్ డ్రేయర్ ‘ది పేషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్’ (1928) దాదాపు మొహాలతోనే నడుస్తుంది. దాని భక్తిని ఎవరూ శంకించలేరు. అభ్యంతరం న్యాయమైనదే. దూరం దానంతట అదే పుణ్యం కాదు.

‘ది థర్డ్ మ్యాన్’ (1949) అందుకు సాక్ష్యం. యుద్ధానంతర వియన్నాలో కల్తీ పెన్సిలిన్ అమ్మి పిల్లల ప్రాణాల మీదికి తెచ్చిన హ్యారీ లైమ్, జెయింట్ వీల్ పైనుంచి కింద కదులుతున్న మనుషుల్ని మిత్రుడికి చూపిస్తాడు. ఆ చుక్కల్లో ఒకటి కదలడం ఆగిపోతే నీకు నిజంగా జాలి కలుగుతుందా అని అడుగుతాడు. దేవుణ్ణి, దయను తానింకా నమ్ముతున్నాననీ అదే సన్నివేశంలో అంటాడు. దూరాన్ని అతను అపరాధం కప్పుకునే దుప్పటిగా వాడుకున్నాడు.

సరిగ్గా ఇలాంటి చుక్కలతోనే అబ్బాస్ కియరోస్తమీ ‘అండ్ లైఫ్ గోస్ ఆన్’ (1992) ముగుస్తుంది. 1990లో ఉత్తర ఇరాన్‌ను భూకంపం నేలమట్టం చేసింది. తన పాత సినిమాలో నటించిన పిల్లలు బతికున్నారో లేదో తెలుసుకోవడానికి ఒక దర్శకుడు కొడుకుతో కారులో బయల్దేరతాడు. చివరి షాట్‌లో కెమెరా చాలా దూరాన ఉంటుంది. మెలికలు తిరిగిన కొండదారిలో చిన్న కారు నిటారు ఎత్తు ఎక్కలేక వెనక్కి జారుతుంది. గ్యాస్ సిలిండర్ భుజాన మోసుకెళుతున్న ఒక బాటసారి సాయం పడతాడు. కారు మళ్లీ ఊపందుకుని అతన్ని దాటి, ఆ ఎత్తు ఎక్కేసి, ఆగి, అతన్ని ఎక్కించుకుంటుంది. పిల్లలు దొరికారా అన్నది సినిమా చెప్పదు. ఎవరి మొహమూ కనబడదు. అయినా ఇక్కడ చుక్క మనిషిగా మిగిలింది. కారణం, కెమెరా తొందరపడలేదు. చుక్క ఓడిపోవడాన్నీ, మళ్లీ ప్రయత్నించడాన్నీ, ఇంకొకరి కోసం ఆగడాన్నీ చివరిదాకా చూసింది. లైమ్ చూపు ఒక్క క్షణంలో ముగిసి లెక్కల్లోకి దిగింది.

ఇక్కడ ముండకోపనిషత్తులోని రెండు పక్షులు తలపుకొస్తాయి. ఒకటి పండు తింటుంది, మరొకటి తినకుండా చూస్తుంది. ఆ రెండో పక్షిలాగే అద్వైతులు చెప్పే సాక్షికి సుఖదుఃఖాలు అంటవు. వైడ్ షాట్ ముందు కూర్చున్న ప్రేక్షకుణ్ణి సాక్షి అనడం తేలిక గానీ, ఆ పోలిక సగమే నిజం. అతను ఆ కారును ఆపలేడు, తోయలేడు. కానీ అది జారినప్పుడు అతని గుండె కూడా జారాలి. జారకపోతే ఆ షాట్ విఫలమైనట్టే.

తెర వెడల్పునూ ఫ్రేమ్ విశాలతనూ కలిపేయడం మాత్రం పొరపాటు. వైలర్ సినిమా దాదాపు చదరంగా ఉండే పాత తెరకోసం తీసింది. సినిమాస్కోప్ 1953లో వచ్చింది. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ (1974). ఆ వెడల్పును మన సినిమా ఎక్కువగా భారీతనానికే వాడుకుంది. మనిషిని చిన్నగా చూపించి, చూపు తిప్పుకోకుండా నిలబడే ఓపిక అరుదు. ఇక ఫోన్ తెర మీద ఆ కొండదారి కారు గోరంత, బాటసారి అసలు కనబడడు. అందుకే ఇలాంటి సినిమాను దొరికినంతలో పెద్ద తెర మీద, మధ్యలో ఆపకుండా చూడాలి.