పిల్లల బొమ్మని మనం దిద్దొచ్చా?

ఈ రోజు ఒక చిన్న ప్రశ్న. చిన్నపిల్ల వేసిన దేవుడి బొమ్మలో తేడా ఉంటే, పెద్దవాళ్ళం మన చేత్తో దాన్ని సరిచేయొచ్చా? "దీంట్లో ఫిలాసఫీ ఏముంది బ్రో" అనిపించొచ్చు. కానీ కాస్త లోపలికి వెళ్తే సత్యం, స్వధర్మం, సమర్పణ మూడూ ఇక్కడే కలుస్తాయి.

ముందు సందర్భం చెప్తాను. మా బడంగ్‌పేట్‌లో ఒక ప్రైమరీ స్కూల్లో శనివారం మధ్యాహ్నం ఆర్ట్ క్లబ్ నడుస్తుంది. మూడు, నాలుగు, ఐదో తరగతి పిల్లలు. వరండాలో చాపలు, అట్ట ప్యాడ్లు, సగం అరిగిన క్రేయాన్లు, అంతే సెటప్. నడిపే మేడం అసలు ఆర్ట్ టీచర్ కాదు, లెక్కలు చెప్తారు. ఇది మామూలే. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా వందమందికి మించి పిల్లలుంటే ఆర్ట్‌కి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలి. ఒకటి నుంచి ఐదు దాకా అలాంటి మాట లేదు. అంటే ప్రైమరీలో ఆర్ట్ క్లబ్ ఉందంటే, చాలాసార్లు ఎవరో ఒక టీచర్ తన ఇష్టంతో, ఎవరూ అడక్కుండా చేస్తున్న పని అన్నమాట.

మా అక్క కూతురు ఆ క్లబ్‌లో ఉంది. ఒకసారి స్కూళ్ళ మధ్య డ్రాయింగ్ పోటీ వచ్చింది. టాపిక్ హనుమంతుడు. బొమ్మలు స్కూల్లోనే వేయించి పంపాలి. అందరూ సంజీవని పర్వతం ఎత్తుకుని ఎగిరే హనుమంతుణ్ణి వేశారు. ఇది మాత్రం కూర్చుని కళ్ళు మూసుకున్న హనుమంతుణ్ణి వేసింది. ఎందుకంటే తను ఎప్పుడూ వెళ్ళేది కర్మన్‌ఘాట్ గుడికి, అక్కడి స్వామి ధ్యానాంజనేయుడు. బొమ్మలో ఒక చెయ్యి పొట్టిగా వచ్చింది. తోకేమో పేపర్ అంచు దాటి, మళ్ళీ అటుపక్క నుంచి లోపలికి వచ్చింది.

పేరెంట్స్ వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్‌లు మొదలయ్యాయి. "మేడం, పంపేముందు మీరు జర చెయ్యి పెట్టండి, ఫినిషింగ్ ఇవ్వండి" అని. మేడం ఒప్పుకోలేదు. "నేర్పిస్తాను, దిద్దను" అన్నారు. ఆ స్కూల్‌కి ఒక్క ప్రైజ్ కూడా రాలేదు. కొంతమందికి బాగా కోపం వచ్చింది.

ఎవరు కరెక్ట్?

పేరెంట్స్ వైపు నుంచి ఆలోచిద్దాం. వాళ్ళేం చెడ్డవాళ్ళు కాదు. మిగతా స్కూళ్ళలో దిద్ది పంపుతుంటే, మన పిల్లలే ఎందుకు నష్టపోవాలి? ఇటు దిల్‌సుఖ్‌నగర్ వెళ్తే ప్రతి గోడ మీదా ర్యాంకుల ఫ్లెక్సీలే. పైగా శాస్త్రం కూడా కొలతలు అడుగుతుంది. విష్ణుధర్మోత్తర పురాణం మూడో ఖండంలో చిత్రసూత్రం అనే భాగం ఉంది. అందులో హంస అనే రకం పురుషుడి ఎత్తు 108 అంగుళాలు, శశకుడికి 90 అని లెక్కలతో చెప్పారు. బొమ్మ వేయాలంటే నృత్యం తెలియాలి, దానికి వాద్యం, దానికి గానం తెలియాలి అని మార్కండేయ మహర్షి వజ్రుడనే రాజుకి వివరిస్తాడు. కాబట్టి "పిల్లలు ఏం గీసినా కళే, నేర్పాల్సింది ఏమీ లేదు" అనడం మన సంప్రదాయం కాదు. అది బద్ధకానికి పెట్టుకున్న అందమైన పేరు.

మరి మేడం చేసింది తప్పా? ఇక్కడే పూరీ జగన్నాథుడు గుర్తొస్తాడు.

కథ మీకు తెలిసిందే. ఇంద్రద్యుమ్న మహారాజు దగ్గరికి విశ్వకర్మ ముసలి వడ్రంగి రూపంలో వచ్చి, 21 రోజులు తలుపు తీయొద్దని షరతు పెట్టాడు. లోపల చప్పుడు ఆగిపోయేసరికి రాణికి ఆత్రం ఆగలేదు. తలుపు తీయించారు. శిల్పి మాయమయ్యాడు, విగ్రహాలు సగంలో మిగిలాయి. మనం సాధారణంగా దీన్ని "ఓపిక పట్టాలి" అనే నీతితో ఆపేస్తాం. కానీ తర్వాత జరిగింది చూడండి. అక్కడ శిల్పులకి కొరత లేదు. ఇంకొకరిని పిలిచి చేతులు పెట్టించొచ్చు. పెట్టించలేదు. నవకళేబరం సమయంలో కొత్త వేపచెక్కతో విగ్రహాలు మళ్ళీ చెక్కుతారు, ఈమధ్య 2015లో జరిగింది. అప్పుడు కూడా అదే ఆకారం. సరిచేసే అవకాశం తరతరాలుగా వస్తూనే ఉంది, ఎవరూ సరిచేయరు. ఎందుకంటే అది ఇప్పుడు లోపం కాదు, ఆయన రూపం.

అయితే పొట్టి చెయ్యి ఉన్న ప్రతి బొమ్మా జగన్నాథుడు అయిపోదు. ఆ పాప రేపు నేర్చుకుంటుంది, చెయ్యి సరిగ్గా వేస్తుంది, వేయాలి కూడా. అసలు తేడా ఎక్కడుందంటే, నేర్పడం వేరు, బదులు చేయడం వేరు. మేడం పక్కన ఇంకో కాగితం మీద తన చేత్తో చెయ్యి గీసి చూపిస్తారు. "నీ మోచెయ్యి ఎక్కడ వంగుతోందో పట్టుకుని చూడు" అంటారు. పిల్ల కాగితం మీద మాత్రం పెన్సిల్ పెట్టరు. మా ఆఫీసులో కోడ్ రివ్యూ కూడా ఇంతే. మంచి సీనియర్ కామెంట్ పెడతాడు. మన కోడ్ మొత్తం తనే రాసేసి మన పేరు మీద మెర్జ్ చేస్తే, మనకి ఆ రోజు పని తప్పుతుంది, జీవితాంతం పని రాదు.

గీతలో స్వధర్మం గురించి కృష్ణుడు రెండుచోట్ల, మూడో అధ్యాయంలో, పద్దెనిమిదో అధ్యాయంలో దాదాపు ఒకే మాట చెప్తాడు: ఇతరుల ధర్మం బాగా చేయడం కంటే, లోపాలున్నా నీ ధర్మం నువ్వు చేయడం మేలు అని. అక్కడ లోపం లేదని అనలేదు. లోపం ఉన్నా అది నీదే అన్నాడు. మూడో క్లాసు పిల్ల స్వధర్మం, తను చూసిన దేవుణ్ణి తన చేతికి వచ్చినంతలో వేయడం.

ఇంకో ప్రశ్న రావాలి, నాకూ వచ్చింది. పూజ మన తరఫున పంతులుగారు చేస్తారు కదా? పూలు కొనుక్కొస్తాం కదా? అది తప్పు కానప్పుడు ఇదెందుకు తప్పు? జవాబు సంకల్పంలో ఉంది. పేరు, గోత్రం చెప్పి, ఎవరు ఎవరి కోసం చేస్తున్నారో పైకి చెప్పాకే పూజ మొదలవుతుంది. అందులో దాపరికం లేదు. టీచర్ దిద్దిన బొమ్మ కింద పిల్ల పేరు రాసి పంపడంలో దాపరికం ఉంది. ఆ ప్రైజ్ వస్తే పిల్ల రెండు పాఠాలు నేర్చుకుంటుంది. ఒకటి, నా చెయ్యి చాలదు. రెండు, వేరేవాళ్ళ పని మీద నా పేరు వేసుకోవచ్చు. పతంజలి చెప్పిన యమాల్లో సత్యం, అస్తేయం రెండూ ఒకే దెబ్బకి పోతాయి. అదీ హనుమంతుడి బొమ్మ సాక్షిగా.

మన సిద్దిపేటకి చెందిన కాపు రాజయ్య గారి గురించి వినే ఉంటారు. డ్రాయింగ్ టీచర్‌గా పనిచేసిన పెద్ద చిత్రకారుడు, 2012లో కాలం చేశారు. బొమ్మలు వేయడం పద్ధతిగా నేర్చుకున్నారు. కానీ వేసింది మాత్రం తన చుట్టూ చూసిన బతుకమ్మ, బోనాలు, పల్లె మనుషులనే, మన నకాషీ బొమ్మల ఛాయలతో. చదువు ఆయన చేతిని సానబట్టింది, ఆయన చూపుని చెరిపేయలేదు. మంచి టీచర్ పని అదే.

పోటీ తర్వాత మా పాప అడిగింది. "మామా, మేడం దిద్దుంటే నాకు ప్రైజ్ వచ్చేదా?" నేను "వచ్చేదేమో" అనే చెప్పాను. నిజాయితీకి ఖర్చు ఉండదని పిల్లలకి చెప్పడం కూడా అబద్ధమే. ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చు పెట్టి కొనుక్కున్నది ఏంటో వాళ్ళకి చూపించాలి. ఆ బొమ్మ ఇప్పుడు మా అక్కావాళ్ళ దేవుడి గూట్లో ఉంది. రోజూ దాని ముందు దీపం పెడుతుంది, తన దేవుడు కాబట్టి.

ఇప్పుడు ఫోన్‌లో నాలుగు మాటలు టైప్ చేస్తే ఏఐ పది సెకన్లలో కొలతలు తప్పని హనుమంతుణ్ణి ఇస్తుంది. చూసి ఆనందించడానికి అది బానే ఉంటుంది. సమర్పించడానికి మాత్రం మనది అంటూ ఏదో ఉండాలి. ఆకో, పువ్వో, పండో, నీళ్ళో చాలని భగవంతుడే అన్నాడు. మనది కానిది మనం ఇవ్వలేం.

వచ్చే వినాయక చవితికి ఇంట్లో పిల్లల చేతికి ఒక ముద్ద మట్టి ఇవ్వండి. తొండం పక్కకి పోతుంది, ఒక చెవి ఊడుతుంది. ఎలా అతకాలో పక్కన ఇంకో ముద్దతో చూపించండి. వాళ్ళ గణపతిని ముట్టుకోకండి. ఆ విగ్రహానికే ఆవాహన చేసి పూజ చేయండి.

జై జగన్నాథ. మళ్ళీ కలుద్దాం.