ఒళ్లు వంచే సూఫీలు

సూఫీ అనగానే మనకు దర్గా, సాంబ్రాణి పొగ, ఖవాలీ గుర్తొస్తాయి. లోకం గొడవ పట్టనివాళ్లని ఓ అభిప్రాయం కూడా. పశ్చిమాఫ్రికాలోని సెనెగల్‌లో మురీదులనే సూఫీ శాఖవాళ్లను చూస్తే ఆ మాట అనలేం.

వాళ్ల గురువు షేక్ అమదూ బంబా. ఆయన వెనక జనం కూడుతున్నారని భయపడ్డ ఫ్రెంచి పాలకులు 1895లో గాబన్‌కు ప్రవాసం పంపారు. తిరిగొచ్చింది 1902లో. కత్తి పట్టలేదాయన. శిష్యుడు ఇబ్రా ఫాల్ అయితే ఒళ్లు వంచి పనిచేయడమే ఆరాధన అన్నాడు. బంబా శిష్యులే వేరుశనగ చేలు దున్నారు. పంటలో గురువులకే పెద్ద వాటా పోయిందన్న విమర్శ ఉంది, కొట్టిపారేయదగ్గది కాదది.

ఇవాళ మురీదులు పారిస్‌లో, న్యూయార్క్‌లో, ఇటలీ వీధుల్లో చిన్న వ్యాపారాలు చేసుకుంటున్నారు. వెళ్లినచోటల్లా 'దాహిరా' అనే సంఘం పెట్టుకుంటారు. కలిసి గురువు రాసిన కీర్తనలు పాడుకుని, తలా ఇంత చందా వేస్తారు. కొత్తగా దిగినవాడికి ఆసరా, ఎవరైనా పోతే శవాన్ని సొంతూరు చేర్చే ఖర్చు అందులోంచే. సెనెగల్‌లో మురీదుల పవిత్ర నగరం తూబాలో ఆస్పత్రి లేవడానికీ వలసవెళ్లినవాళ్ల చందాలే ఊతం.

ఏటా ఇస్లామీ కాలెండరులోని సఫర్ నెల 18న, గురువు ప్రవాసాన్ని తలుచుకుంటూ, తూబాలో మగల్ పండుగ. లక్షల మంది వస్తారు. ముక్కూమొహం తెలియనివాళ్లనీ ఇంట్లోకి పిలిచి, పెద్ద పళ్లెం చుట్టూ కూర్చోబెట్టి, అన్నం, మాంసం పెడతారు. పైన మిరియాల్లాంటి గింజలు దంచి కలిపిన ఘాటు కాఫీ. పైసా అడగరు.