దేన్ని వదులుకోడు?

“అల్లుడూ, నేను 2019లో ఓటేసిన మనిషీ, ఇప్పుడు ఉప ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్న మనిషీ ఒకడేనంటావా?”

రాజోలు దగ్గర కొబ్బరితోట, కాస్త వరిచేను చేసుకునే మా మావయ్య రాజమండ్రి వచ్చినప్పుడు నన్ను అడిగిన మాట ఇది. నేను కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పినవాణ్ని కాబట్టి దీనికి నా దగ్గర సిద్ధంగా జవాబుంటుందని ఆయన అనుకున్నాడు. గోదావరి గట్టు మీద కూర్చుని పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నాం. గోదావరి జిల్లాల్లో చాలామంది మనసులో ఉండి పైకి రాని సందేహమిది. అందుకే మా మాటలు రాసిపెడుతున్నాను.

“పవన్ కల్యాణ్ విషయంలో దేని గురించి మావయ్యా నీ అనుమానం?”

“ఒకటా? 2016 సెప్టెంబరులో కాకినాడ సభకి మా ఊరి కుర్రాళ్లతో నేనూ వెళ్లాను. ప్రత్యేక హోదా అడిగితే ప్యాకేజీ పేరుతో పాచిపోయిన లడ్డూలు ఇచ్చారని ఢిల్లీవాళ్లని నిలదీశాడు. చే గువేరా ఎవరో మా వాళ్లకి తెలిసింది ఆయన నోటి వెంటే. 2019లో సీపీఐ, సీపీఎం, మాయావతి గారి బీఎస్పీలతో కలిసి పోటీ చేశాడు. ఏడాది తిరక్కుండా, 2020 జనవరిలో ఆ ఢిల్లీవాళ్ల బీజేపీతోనే చెయ్యి కలిపాడు. 2023లో తెలుగుదేశంతో కలిశాడు. 2024 అక్టోబరులో తిరుపతిలో సనాతన ధర్మ రక్షణ కోసమని వారాహి డిక్లరేషన్ ఇచ్చాడు. మరి జనసేన పార్టీకి ఏడు సిద్ధాంతాలన్నాడే, అందులో మతాల ప్రస్తావన లేని రాజకీయం ఒకటి. నేను మర్చిపోలేదు.”

నేను ముందు పాఠం చెప్పాను. ఓటర్లందర్నీ ఒక చివర నుంచి ఇంకో చివరకి వరసలో నిలబెడితే, గెలవాలనుకున్న రెండు పార్టీలూ సరిగ్గా నడుమనున్న ఓటరు వైపు జరుగుతాయని 1957లో ఆంథనీ డౌన్స్ అనే అమెరికా ఆర్థికవేత్త రాశాడు. అంచున ఉన్నవాడు కోపం వచ్చినా అవతలి పార్టీకి వెయ్యడు. నడుమ ఉన్నవాడు ఎటైనా వేస్తాడు. కాబట్టి అందరి దృష్టీ వాడి మీదే. అయితే మన డెల్టాలో నడుమ అంటే వామపక్షానికీ మితవాదానికీ మధ్య చోటు కాదు. కాపులు, శెట్టిబలిజలు, మాల మాదిగలు, రాజులు, కమ్మవారు, మత్స్యకారులు వీళ్లలో ఎంతమంది ఒక గుర్తు కిందకి వస్తారన్న కూడిక అది.

“భీమవరం లెక్క చూడు మావయ్యా. 2019లో అక్కడ వైఎస్సార్ కాంగ్రెస్‌కి 70 వేల పైన, పవన్ కల్యాణ్‌కి 62 వేల పైన, తెలుగుదేశం తరఫున నిలబడ్డ పులపర్తి రామాంజనేయులుకి 54 వేల పైన వచ్చాయి. పవన్ ఓడిపోయారు. గాజువాకలోనూ ఓడిపోయారు. 2024లో ఆ పులపర్తే జనసేన గాజుగ్లాసు గుర్తు మీద నిలబడ్డారు. 66 వేల పైచిలుకు మెజారిటీ. 2019లో ఒక్క సీటుతో ఆగిన పార్టీ, 2024లో పోటీ చేసిన 21 అసెంబ్లీ సీట్లూ 2 లోక్‌సభ సీట్లూ గెలిచింది. ఆ 21లో 11 మన ఉభయ గోదావరి జిల్లాలవే. అంచున నిలబడినప్పుడు ఓడించాం, నడుమకి రాగానే గెలిపించాం. మారమని నేర్పింది మనమే. ఇప్పుడు మారాడని ఎలా తప్పుపడతాం?”

మావయ్య కాసేపు నీళ్లకేసి చూసి అన్నాడు. “మనం మనం అంటున్నావు. ఓటర్లంతా కలిసి ఒక మనిషా? భీమవరం ఓడించింది సరే, ఆ ఒక్క సీటూ ఇచ్చింది మా రాజోలు. వెయ్యి కూడా లేని మెజారిటీతో గెలిపించాం. ఆయన్ని మారమని నేర్పింది ఆయనకి వెయ్యనివాళ్లు. మేం నేర్పలేదు. అంచున ఉన్నప్పుడు ఆయనతో నిలబడ్డవాడు అడిగే ప్రశ్న వేరు, గెలుపు చూసి వచ్చినవాడు అడిగేది వేరు. రెండూ కలిపి జనం అనేస్తే మా ప్రశ్న ఎటు పోతుంది?”

ఈ అభ్యంతరం నాకు చాలా విలువైనదనిపించింది. పుస్తకాల్లో ఓటరు ఒక సగటు. ఊళ్లో ఓటరు ఒక చరిత్ర ఉన్న మనిషి. 2009లో పవన్ అన్నగారి ప్రజారాజ్యానికి వేసినవాడు, 2011లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోవడం చూసినవాడు, మళ్లీ పదేళ్లకి ఇంకో జెండా పట్టుకున్నవాడు. సామాజిక న్యాయం అని మొదలుపెట్టి 18 సీట్లు గెలిచి అధికార పార్టీలో కలిసిన ఆ కథ మొగల్తూరు, పాలకొల్లు, నరసాపురం వైపు ఇప్పటికీ మానని పుండు. జనసేన ఏ అడుగు వేసినా ఈ ప్రాంతంలో ముందు లేచే అనుమానం మళ్లీ అదే జరుగుతుందా అన్నదే.

“అయితే మారడం ఒకటే రకం కాదు మావయ్యా. ఓటుకి ముందు మారడం, ఓటు తీసుకున్నాక మారడం రెండూ ఒకటి కావు. 2023 సెప్టెంబరు 14న ఇక్కడికి కూతవేటు దూరంలో, సెంట్రల్ జైల్లో చంద్రబాబును కలిసి బయటికొచ్చి, రెండు పార్టీలూ కలిసి పోటీ చేస్తాయని అందరి ముందూ చెప్పారు. ఎన్నికలకి ఇంకా 8 నెలలుంది. 24 సీట్లకి ఒప్పుకోవడం, బీజేపీ వచ్చాక 21కి తగ్గడం, ఇవన్నీ పోలింగుకి ముందే. ఇష్టంలేనివాడు వెయ్యకుండా ఉండొచ్చు. 2011 విలీనం అలాంటిది కాదు. మీ రాజోలు సంగతీ అలాంటిది కాదు.”

“మా రాజోలు సంగతి నాకు చెబుతావా? మేం గెలిపించిన ఎమ్మెల్యే మా జెండా మీద గెలిచి అప్పటి అధికారపక్షం వైఎస్సార్ కాంగ్రెస్ పక్కన కూర్చున్నాడు. 2024లో వాళ్ల తరఫునే అమలాపురం ఎంపీకి నిలబడ్డాడు. ఫిరాయింపుల చట్టం 1985 నుంచీ ఉందంటారు. మాకేం ఒరిగింది?”

“అదే నేననేది. అది నమ్మకద్రోహం. జైలు ముందు చెప్పింది మార్పు.”

“ముందు చెబితే చాలా?” మావయ్య గొంతు పెంచాడు. “ఇంకో దారి లేకుండా చేసి, ఇదిగో ముందే చెప్పాను, ఇష్టమైతే వెయ్యి అంటే అది ఇష్టమా? 24 సీట్లన్నప్పుడు మా వాళ్ల మొహాలు నువ్వు చూడలేదు. కాపు పెద్ద హరిరామజోగయ్య గారు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. తాడేపల్లిగూడెం జెండా సభలో, నాకు సలహాలివ్వొద్దు అన్నట్టు మాట్లాడాడు. ఇంకో కాపు నాయకుడు ముద్రగడ పద్మనాభం వైఎస్సార్ కాంగ్రెస్‌లోకి వెళ్లాడు, పిఠాపురంలో పవన్ గెలిస్తే పేరు మార్చుకుంటానని శపథం పట్టాడు, గెజిట్‌లో మార్చుకున్నాడు కూడా. మిగతా మేమంతా ఎక్కడికి పోతాం? నువ్వు చెప్పిన ఆ అమెరికా ఆయన సరిగ్గానే కనిపెట్టాడు. అంచున ఉన్నవాడు ఎటూ పోడని అందరికీ తెలుసు. అందుకే వాణ్ని ఎవరూ అడగరు. వాడి చేతిలో మిగిలేది సందేహం ఒక్కటే. అదీ పడొద్దంటే ఎలా?”

ఆ మాట దగ్గర నేను ఆగాను. మన రాజకీయాల్లో సందేహించినవాణ్ని వెంటనే అవతలి పార్టీ మనిషి అనేస్తాం. పార్టీలోనివాడైతే కోవర్టు అంటాం. సందేహమే లేని కార్యకర్తని నాయకుడు ఎటైనా మోసుకుపోతాడు. మావయ్య లాంటి మనిషి ఓటేస్తూనే అనుమానిస్తాడు, అనుమానిస్తూనే ఓటేస్తాడు. ప్రజాస్వామ్యం బతికేది ఇలాంటి మనుషుల వల్లే అని నేను గట్టిగా నమ్ముతాను.

“సరే మావయ్యా, ప్రకాశం పంతులు గారి సంగతి చూద్దాం. ఈ ఊళ్లో మునిసిపల్ చైర్మన్‌గా చేసినాయన. జీవితమంతా కాంగ్రెస్. 1951లో దాన్ని వదిలేసి ప్రజాపార్టీ పెట్టారు. 1952లో కమ్యూనిస్టులతో కలిసిన ఫ్రంటుకి నాయకుడయ్యారు, మద్రాసులో ముఖ్యమంత్రి కావాల్సింది, కానీ గవర్నరు రాజాజీని పిలిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేసరికి కాంగ్రెస్ మద్దతుతో ముఖ్యమంత్రి. మొన్న భుజం కలిపిన కమ్యూనిస్టులు ఎదురుగా ప్రతిపక్షంలో. ఏడాదిన్నరలో అటు చివర నుంచి నడుమకి వచ్చేశారు. ఆయన్నేమందాం?”

“పంతులు గారిని ఎవరేమంటారు?”

“ఎందుకనరు? ఆలోచించు. ఆయన మారలేదని కాదు. మద్యనిషేధం ఎత్తెయ్యమన్న కమిటీ సిఫారసుకి ఆయన ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1954 నవంబరులో అవిశ్వాసం పెట్టారు. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. పొత్తులు మార్చుకున్నాయన, దీన్ని మాత్రం పదవి కోసం ఇచ్చెయ్యలేదు. నాయకుడు ఎటు జరిగాడన్నది ఒక ప్రశ్న. దేని దగ్గర జరగడం మానేస్తాడన్నది దానికంటే పెద్ద ప్రశ్న. ఆ రెండో ప్రశ్నకి జవాబు దొరికితే మొదటిదాన్ని క్షమించొచ్చు. దొరక్కపోతే ఎంత నిలకడగా ఉన్నా నమ్మలేం.”

మావయ్య తల ఊపలేదు. “ఆ మద్యనిషేధం రోజుల్లో గీతవాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలగలేదని మా నాన్న చెప్పేవాడు. తాటిచెట్టు ఎక్కినందుకు కేసులు. పంతులు గారు పట్టుకున్నది మంచిదో చెడ్డదో ఆ ఇళ్లల్లో అడగాలి. పట్టుదల ఉన్నంత మాత్రాన ఒప్పయిపోదు.”

ఒప్పయిపోదు, నిజమే. పట్టుదల నాయకుడు మంచివాడని రుజువు చెయ్యదు. ఆయన ఎవరో మనకి తెలియజేస్తుంది. అంతవరకే. అయినా ఓటరుకి అదే చాలా పెద్ద సంగతి. ఎవరో తెలిసినవాణ్ని గెలిపించొచ్చు, ఓడించొచ్చు. ఏదీ పట్టుకోనివాణ్ని ఏం చెయ్యాలో ఓటరుకి తెలియదు.

మాట అమెరికా మీదికి మళ్లింది. మావయ్య పెద్దకొడుకు అక్కడే. తణుకు దగ్గర వడ్లూరు మూలాలున్న ఉషా వాన్స్ వల్ల 2024లో ఆ దేశపు ఎన్నికలు మన జిల్లా ఊళ్లల్లో కూడా చర్చకొచ్చాయి. ఆమె భర్త జె.డి. వాన్స్ 2016లో ట్రంప్‌ని తీవ్రంగా విమర్శించినవాడు. 2024లో ఆయన పక్కనే ఉపాధ్యక్ష అభ్యర్థి. ఎదురుగా అధ్యక్ష అభ్యర్థి కమలా హారిస్. భూమిలోకి ఒత్తిడితో నీళ్లు, ఇసుక పంపి రాతిపొరలు చీల్చి గ్యాస్ తీసే పద్ధతిని నిషేధిస్తానని 2019లో ఆమె అన్నారు. 2024లో నిషేధించనన్నారు. నా విలువలు మారలేదని చెప్పారు. నిషేధం లేకుండా కూడా స్వచ్ఛమైన ఇంధనం పెంచవచ్చని పదవిలో ఉండగా తెలిసిందన్నారు. గ్యాస్ మీద బతికే పెన్సిల్వేనియా ఓట్లు ఆమెకి అవసరమన్న సంగతి చూసేవాళ్లందరికీ తెలుసు. ఆ రాష్ట్రంతో పాటు ఎన్నికా ఓడిపోయారు.

“గ్యాస్ సంగతి మాకు చెప్పక్కర్లేదు,” అన్నాడు మావయ్య. “1995 జనవరిలో పాసర్లపూడి బావి అంటుకుని రెండు నెలలు పైగా మండింది. రాత్రిళ్లు పగల్లా ఉండేది. 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి మనుషులు కాలిపోయారు. అలాంటి విషయంలో ఒకరు మాట మారిస్తే, ఎందుకు మార్చావని అడిగే హక్కు పక్కనున్నవాడికి ఉంటుంది. నా విలువలు మారలేదంటే సరిపోదు. ఏ విలువ? దానికోసం ఏం పోగొట్టుకున్నావు?”

నేను వెతుకుతున్న ప్రశ్నే ఆయన నోట వచ్చింది. దాన్ని పట్టుకుని తిరుపతి దగ్గరికి వచ్చాం. నా అభిప్రాయం దాచుకోకుండా చెప్పాను. తిరుమల లడ్డూ నెయ్యి వివాదం లేచింది 2024 సెప్టెంబరులో, ఎన్నికలయ్యాక. కొత్త సంగతి వచ్చినప్పుడు నాయకుడు స్పందించాలి. ప్రాయశ్చిత్త దీక్ష ఆయన సొంత భక్తి, దాన్ని ఎవరూ వేలెత్తి చూపనక్కర్లేదు. డిక్లరేషన్ అలా కాదు. అది రాజకీయ ప్రకటన. పార్టీ సిద్ధాంతంగా మతప్రస్తావన లేని రాజకీయం అని మాటిచ్చి, ఆ మాటని వెనక్కి తీసుకుంటున్నానని గానీ, ఇదిగో ఈ కారణంతో దాని అర్థం మార్చుకున్నానని గానీ ఓటరుకి విడమరిచి చెప్పాల్సిన బాకీ ఉంది. రాజోలు రిజర్వుడు నియోజకవర్గం. అక్కడ చర్చికి వెళ్లే కుటుంబాలు కూడా 2019లో గాజుగ్లాసుకి వేశాయి. ఆ బాకీ ముందు వాళ్లకి.

“మరి ఆయన దేన్ని వదులుకోకూడదంటావు మావయ్యా? నీకు కావలసింది ఒక్కటి చెప్పు.”

ఆయన వెంటనే చెప్పాడు. “శంకరగుప్తం డ్రెయిన్. సముద్రపు నీరు ఎక్కి మొవ్వు ఎండిపోయి మొండి మిగిలిన కొబ్బరిచెట్లు చూశావుగా. 2025 నవంబరులో కేశనపల్లి వచ్చి ఆయనా చూశాడు. పర్యావరణాన్ని కాపాడే అభివృద్ధి అని ఏడు సిద్ధాంతాల్లో అదీ ఉంది. ఇప్పుడు పర్యావరణ శాఖ, పంచాయతీరాజ్ శాఖ రెండూ ఆయనవే. చే గువేరాని పక్కన పెట్టాడు, సరే. ఎర్రజెండాలని పక్కన పెట్టాడు, సరే. పొత్తులో ఎవరికి నష్టమొచ్చినా, ఎవరి రొయ్యల చెరువు అడ్డమొచ్చినా, మా డ్రెయిన్ దగ్గర మాత్రం నిలబడాలి. అక్కడ నిలబడితే మనిషి ఆయనే, నేను ఓటేసినవాడే. నిలబడకపోతే నా ప్రశ్న నేను మళ్లీ అడుగుతాను.”

2014లో పశ్చిమగోదావరి 15కి 15 సీట్లూ తెలుగుదేశం, బీజేపీ కూటమికి ఇచ్చింది. 2019లో అవే 15లో 13 వైఎస్సార్ కాంగ్రెస్‌కి ఇచ్చింది. 2024లో ఉభయ గోదావరి జిల్లాలు 34 సీట్లలో ఒక్కటీ మిగల్చకుండా కూటమికి ఇచ్చాయి. ఇంత మారే ఓటరుని ఏ పార్టీ అయినా నడుమకి వచ్చే బతిమాలుకుంటుంది. రేపూ బతిమాలుకుంటుంది. అందుకని ఈ జిల్లాల పాఠకులకి నా విన్నపం ఒకటే. 2029లో మళ్లీ ఓటు అడగడానికి మీ వీధిలోకి ఎవరొచ్చినా, ఏ పొత్తులో వచ్చినా, మా మావయ్యలాగా మీ ఊరి డ్రెయిన్ పేరో, మీ ఊరి స్కూలు పేరో, మీకు మాటిచ్చిన సిద్ధాంతం పేరో ముందే తేల్చుకుని ఉంచుకోండి. దానికోసం పదవి వదులుకుంటారా అని మొహం మీద అడగండి.